కోకిల ఇంట్లో విదూషకుడు

1951-52 చలికాలంలో దేశానికి తొలి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు రాయపోల్ హైదరాబాద్ రాష్ట్రంలో, మెదక్ జిల్లాలో ఓ పల్లె. ఇప్పుడు ఆ పల్లె ఉన్న సిద్దిపేట జిల్లా ఏర్పడటానికి ఇంకా అరవై ఏళ్లకు పైనే ఉంది. ఆ ఎన్నికల్లో మెదక్ లోక్‌సభ స్థానం గెలుచుకున్నది డాక్టర్ ఎన్.ఎం. జయసూర్య. పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ అభ్యర్థి, సరోజినీ నాయుడు పెద్దకొడుకు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో వామపక్షాలు ఆ ఫ్రంట్ పేరుతోనే బరిలోకి దిగాయి.

ఢిల్లీలో ఆయన అడుగుపెట్టిన సభలోనే మరో హైదరాబాదీ ఉన్నారు. విజయవాడ నుంచి స్వతంత్రుడిగా, కమ్యూనిస్టుల మద్దతుతో గెలిచి వచ్చారు. పేరు హరీంద్రనాథ్ చటోపాధ్యాయ. జయసూర్యకు స్వయానా మేనమామ. ఇద్దరిదీ దాదాపు ఒకే ఈడు. తెలుగు ఓటర్లు పంపిన ఈ మేనమామా మేనల్లుళ్లలో ఒకరు వైద్యుడు, మరొకరు కవి. ఆ కవిగారే మరో పదేళ్లకు హిందీ సినిమాల్లో గడియారాల పిచ్చి ముసలివాడిగా కనిపించారు. ఆ తర్వాత సత్యజిత్ రాయ్ సినిమాలో మాయల మాంత్రికుడయ్యారు, ఇంకా తర్వాత రాజేశ్ ఖన్నా పక్కన సణిగే తాతయ్యగా ఇంటిల్లిపాదినీ నవ్వించారు.

ఇప్పటికీ హరీంద్రనాథ్ గురించి ఎవరు చెప్పబోయినా మొదటి మాట ‘సరోజినీ నాయుడి తమ్ముడు’ అనే. ఆయన 92 ఏళ్లు బతికారు. అక్క పోయాక 41 ఏళ్లు బతికారు. సినిమాల్లో పేరు వచ్చిందంతా ఆ 41 ఏళ్లలోనే. అయినా ఆ మొదటి మాట మారలేదు.

హరీంద్రనాథ్, అంటే హరీన్, పుట్టింది 1898 ఏప్రిల్ 2న, హైదరాబాద్‌లో. అదే ఏడాది డిసెంబరులో అక్క సరోజినికి మద్రాసులో పెళ్లయింది. వరుడు డాక్టర్ గోవిందరాజులు నాయుడు. బ్రహ్మసమాజ పద్ధతిలో ఆ కులాంతర వివాహం జరిపించింది మన కందుకూరి వీరేశలింగం పంతులు. అంటే ఊయలలో ఉన్న తమ్ముడికి అక్క పెళ్లికూతురు. ఆయనకు మాటలు సరిగా వచ్చే వయసుకే మేనల్లుడు, మేనకోడలు పక్కన ఆడుకుంటున్నారు. అక్కాతమ్ముళ్ల మధ్య 19 ఏళ్ల తేడా. మన ఇళ్లలో అంత తేడా ఉన్న అక్క సగం తల్లి కింద లెక్క. అలాంటి అక్క దేశానికంతటికీ తెలిసిన మనిషైతే తమ్ముడు ఆ నీడలో పడటం కాదు, ఆ నీడలోనే పుట్టినట్టు.

ఆ ఇంటి కథ తెలియకపోతే హరీన్ నవ్వు ఎక్కడిదో అర్థం కాదు. తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఎడిన్‌బరోలో సైన్సులో డాక్టరేటు చేసి వచ్చిన బెంగాలీ. నిజాం రాజ్యానికి వచ్చి హైదరాబాద్ కాలేజీని నిలబెట్టారు. నేటి నిజాం కాలేజీకి మూలం అదే. రసాయన శాస్త్రం చదివిన ఆ మనిషి ఇంట్లో మాత్రం రసవాదం చేసేవారు. రాగిని బంగారం చేయాలన్న తపనతో కొలిమి దగ్గర కూర్చునేవారు. ఇల్లు ఎప్పుడూ పండితులు, ఫకీర్లు, బిచ్చగాళ్లు, రసవాదులతో కిటకిటలాడేది. ఆయన గడ్డాన్నీ, కప్పు ఎగిరిపోయేలా నవ్వే ఆయన నవ్వునూ సరోజినీదేవి ఓ ఉత్తరంలో ఎంతో ప్రేమగా వర్ణించారు. తల్లి వరదాసుందరీదేవి బెంగాలీలో కవిత్వం రాసేవారు. తల్లిదండ్రులు తమలో తాము బెంగాలీ మాట్లాడుకున్నా, పిల్లలతో హిందుస్తానీ మాట్లాడేవారు. ఈ చిన్న సంగతి గుర్తుపెట్టుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది.

అఘోరనాథ్ నవ్వుతూ బతికినా లొంగి బతకలేదు. 1883లో చందా రైల్వే పథకం వచ్చింది. నిజాం రాజ్యంలోని రైలుమార్గాన్ని వరంగల్ వైపు, అక్కడినుంచి ఒక పాయ చందా అనే ఊరికి, మరో పాయ బెజవాడకు పొడిగించాలన్న ఏర్పాటు అది. దానికోసం అంత అప్పు నెత్తిన వేసుకునే ముందు షరతులు జనానికి చెప్పాలని, బహిరంగంగా చర్చ జరగాలని అడిగినవారిలో అఘోరనాథ్ ముందున్నారు. ఫలితం ఉద్యోగం ఊడటం, రాజ్యం నుంచి బహిష్కరణ. తర్వాత కొన్నాళ్లకు మళ్లీ పిలిపించుకున్నారనుకోండి. 1889కల్లా ఆ రైలు బెజవాడ చేరింది. తండ్రిని వెళ్లగొట్టించిన రైలు ఏ ఊరు చేరిందో, అరవై మూడేళ్ల తర్వాత ఆ ఊరే కొడుకును పార్లమెంటుకు పంపింది.

ఈ కుటుంబంలో నీడ ఒక్క అక్కది మాత్రమే కాదు. అన్న వీరేంద్రనాథ్, ‘చట్టో’ అని పేరుపడ్డ విప్లవకారుడు. బెర్లిన్ కేంద్రంగా బ్రిటిష్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా పనిచేసి, చివరికి మాస్కో చేరి, 1937లో స్టాలిన్ ప్రక్షాళనల్లో కాల్పులకు బలైపోయారు. మరో అక్క సునాలినీదేవి నర్తకి, సినిమా నటి. చెల్లెలు సుహాసిని కమ్యూనిస్టు కార్యకర్త. ఇక హరీన్ పెళ్లాడిన కమలాదేవి సంగతి చెప్పనే అక్కర్లేదు. బాల్యంలోనే వితంతువైన ఆ మంగళూరు అమ్మాయి తర్వాత దేశంలోని చేతివృత్తులకు పెద్దదిక్కయ్యారు. మన శ్రీకాళహస్తి కలంకారి మళ్లీ ఊపిరి పోసుకోవడం వెనకా ఆమె పూనిక ఉంది. ఆ దంపతులు తర్వాత విడాకులు తీసుకున్నారు. లోకం ఆమెకు ఒక శిఖరాన్ని ఇచ్చింది, ఆయనకు ‘కమలాదేవి మాజీ భర్త’ అన్న మరో గుర్తింపును తగిలించింది.

హరీన్ మొదట దిగింది అక్క దారిలోనే. ఇంగ్లీషు కవిత్వం. సరోజినీదేవి తొలి సంపుటి ‘ద గోల్డెన్ థ్రెషోల్డ్’ 1905లో లండన్‌లో వచ్చింది. హైదరాబాద్‌లో ఆ ఇంటికి తర్వాత ఆ పుస్తకం పేరే పడింది. మూడో సంపుటి ‘ద బ్రోకెన్ వింగ్’ 1917లో. ఆ తర్వాత ఆమె కవిత్వం పక్కనపెట్టి పూర్తిగా రాజకీయాల్లో మునిగిపోయారు, బతికుండగా మరో కొత్త సంపుటి తేలేదు. సరిగ్గా ఆ మరుసటి ఏడాది, 1918లో, ఇరవై ఏళ్ల హరీన్ తొలి పుస్తకం ‘ద ఫీస్ట్ ఆఫ్ యూత్’ వచ్చింది. అరవిందులు దాన్ని తన ‘ఆర్య’ పత్రికలో మెచ్చుకుంటూ రాశారు. అక్క ఖాళీ చేసిన కుర్చీలో తమ్ముడు కూర్చున్నాడనుకోవచ్చు. కానీ కుర్చీ ఖాళీ అయినంత మాత్రాన దాని మీద పేరు చెరిగిపోదు కదా. ‘భారత కోకిల’ తమ్ముడు ఎంత పాడినా కోకిల గొంతుతో పోలికే వచ్చేది.

ఆయన కుదురుగా ఒకచోట ఉన్న మనిషీ కాదు. కేంబ్రిడ్జి వెళ్లారు. నాటకాలు రాశారు, తన నాటకాల్లో తానే వేషాలు కట్టారు. 1930 సత్యాగ్రహం రోజుల్లో పాటలు కట్టి పాడి జైలుకు వెళ్లారు. పుదుచ్చేరిలో అరవిందాశ్రమంలో కొంతకాలం గడిపారు. ప్రజానాట్య ఉద్యమంతో కలిసి నడిచారు. హార్మోనియం ముందు పెట్టుకుని తన పాటలు తానే పాడేవారు. పెరుగమ్మే పిల్ల మీద ఆయన ఇంగ్లీషులో పాడిన పాట గ్రామఫోను రికార్డుగా వచ్చింది. 1948లో ‘లైఫ్ అండ్ మైసెల్ఫ్’ పేరుతో ఆత్మకథ వెలువరించారు. విమర్శకులు దీన్ని నిలకడలేనితనం అంటారు. ఆ మాట సగమే నిజం. పేరున్న ఇంట్లో చివరి వరుసలో పుట్టినవాడు తనకంటూ ఒక జాగా దొరికేదాకా అన్ని గదుల తలుపులూ తట్టి చూస్తాడు. ఆయన తట్టిన తలుపుల్లో చాలావాటి వెనక అప్పటికే ఎవరో పెద్దవాళ్లు కూర్చుని ఉన్నారు.

ఒకే ఇంట్లో ఇద్దరు నవ్వించేవాళ్లుంటే ఏమవుతుందో తెలుగువాళ్లకు బాగా తెలుసు. రాజమండ్రిలో పుట్టిన పుణ్యమూర్తుల అప్పలరాజు రాజబాబుగా మారి తెలుగు తెరను ఏలారు. ఆయన తమ్ముళ్లు చిట్టిబాబు, అనంత్ కూడా హాస్యనటులే. ఎన్ని వేషాలు వేసినా వాళ్లను ప్రేక్షకులు గుర్తుపట్టేది ‘రాజబాబు తమ్ముళ్లు’ అనే. ప్రకాశం జిల్లా కనిగిరి మూలాలున్న జానుమల జాన్ ప్రకాశరావు బొంబాయి ధారావిలో పెరిగి, హిందుస్తాన్ లీవర్ కంపెనీలో పనిచేసి, జానీ లీవర్ అయ్యారు. ఆయన తమ్ముడు జిమ్మీ మోజెస్ కూడా మిమిక్రీ కళాకారుడే. అక్కడా అదే వరస. ఒకే దుకాణంలో రెండో కౌంటరు తెరిచినట్టు, వచ్చినవాళ్లంతా మొదటి కౌంటరు వైపే చూస్తారు.

హరీన్ పరిస్థితి వేరు. ఆయన ఎంచుకున్న నవ్వు అక్క దుకాణంలో సరుకు కాదు. నిజానికి సరోజినీదేవి హాస్యానికి పెట్టింది పేరే. గాంధీజీని మొహం మీదే ‘మిక్కీ మౌస్’ అనగలిగిన చనువు ఆమెది. కానీ ఆమెకు హాస్యం మాటల్లో మెరిసే నగ. కాంగ్రెస్ అధ్యక్షపీఠం మీద, 1947 తర్వాత యునైటెడ్ ప్రావిన్సెస్ గవర్నర్ బంగళాలో, ఆ నగ పెట్టుకుని తిరిగారు. ఆమె కూతురు పద్మజ 1956లో పశ్చిమ బెంగాల్ గవర్నరయ్యారు. ఆ ఇంట్లో మొహానికి రంగు పూసుకుని, కళ్లు తిప్పి, గొంతు వంకరలు పోయి నవ్వించే పని మరెవరూ ఎత్తుకోలేదు. ఎట్టకేలకు ఖాళీగా ఉన్న గది ఒకటి దొరికింది.

ఆ గది దొరికేముందు బెజవాడ మజిలీ ఉంది. 1940ల చివర్లో మద్రాసు ప్రభుత్వం ప్రజానాట్యమండలిని, ‘మా భూమి’ వంటి నాటకాలను నిషేధించింది. ఆ గాయాలు పచ్చిగా ఉన్నప్పుడే ఎన్నికలు వచ్చాయి. కృష్ణా తీరంలో బుర్రకథ అప్పటికే రాజకీయ ఆయుధం. షేక్ నాజర్ వంటివాళ్లు దాన్ని పదును పెట్టారు. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం చెబుతారు, ఒకరు రాజకీయం చెబుతారు. హరీన్ ఆ రెండు వంతల పనీ ఒక్క గొంతుతో చేసే మనిషి. బెంగాలీ ఇంటిపేరున్న ఇంగ్లీషు కవిని తెలుగు ఓటర్లు గెలిపించడం ఈనాటి లెక్కలకు అందదు. పార్టీ బలం అసలు కారణం, సందేహం లేదు. అయితే ఆటా పాటా మాటా కలిసిన మనిషిని తమవాడనుకోవడానికి అవసరమైన అలవాటు బెజవాడ జనానికి అప్పటికే ఉంది.

ఆయన ఎంపీగా ఉన్న ఐదేళ్లలో మరో విశేషం జరిగింది. గెలిచిననాడు విజయవాడ మద్రాసు రాష్ట్రంలోది. 1953 అక్టోబరు 1 నుంచి ఆంధ్ర రాష్ట్రంలోది. 1956 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోది. ఆ చివరి తేదీన హరీన్ పుట్టిన హైదరాబాద్, ఆయన గెలిచిన విజయవాడ, మేనల్లుడు గెలిచిన మెదక్ ఒకే రాష్ట్రం కింద చేరాయి. 1957లో విజయవాడ స్థానం డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబకు దక్కింది. అంతటితో హరీన్ రాజకీయ వేషం ముగిసింది. అప్పటికి ఆయన వయసు 59.

ఆ వయసులో మనుషులు మనవల్ని ఆడిస్తూ వాకిట్లో కూర్చుంటారు. ఈయన మేకప్ గదిలోకి వెళ్లారు.

1962లో ‘సాహిబ్ బీబీ ఔర్ గులామ్’ వచ్చింది. కూలిపోతున్న జమీందారీ హవేలీలో గడియారాలకు కీ ఇస్తూ తిరిగే ఘడీబాబు వేషం హరీన్‌ది. కాలం అయిపోతోందని అందరికంటే ముందు తెలిసినవాడు ఆ పిచ్చివాడే. నవ్వు వస్తుంది, నవ్విన మరుక్షణం ఒళ్లు జలదరిస్తుంది. అంత చిన్న వేషం సినిమా అయిపోయాక కూడా వెంటాడుతుంది. మరుసటి ఏడాది ‘తేరే ఘర్ కే సామ్నే’లో వేషం వేశారు. అదే 1963లో ఇస్మాయిల్ మర్చంట్, జేమ్స్ ఐవరీ జంట తొలి సినిమా ‘ద హౌస్‌హోల్డర్’లో ఇంగ్లీషు సంభాషణలు చెప్పారు. కేంబ్రిడ్జి చదువు అక్కడ పనికొచ్చింది.

1968లో హృషీకేశ్ ముఖర్జీ ‘ఆశీర్వాద్’ తీశారు. అందులో నటించడమే కాక, అశోక్ కుమార్ పిల్లల మధ్య పాడే రైలుబండి పాట రాసింది హరీనే. వసంత్ దేశాయ్ సంగీతం. ఊళ్ల పేర్లన్నీ రైలు చక్రాల దడదడతో దొర్లిపోతాయి, పాడేవాడికి ఊపిరి తీసుకునే సందు ఉండదు. దేశంలో రాప్ పాటకు అదే తాతని ఇప్పటి కుర్రాళ్లు చెప్పుకుంటారు. ఆ పాటలో పాండిత్యపు వాసనే లేదు. ఎలా వస్తుంది? అది పుస్తకాల్లో నేర్చిన హిందీ కాదు. అఘోరనాథ్ ఇంట్లో తల్లిదండ్రులు పిల్లలతో మాట్లాడిన హైదరాబాద్ హిందుస్తానీ. ఒక రైలు పథకం మీద నోరు విప్పి తండ్రి ఇల్లు వదలాల్సి వచ్చింది. కొడుకు రైలుమీదే పాట కట్టి ప్రతి పిల్లవాడి నోటా పలికించాడు. గజ్వేల్ మీదుగా సిద్దిపేటకు ప్రయాణికుల రైలు 2023 అక్టోబరులో గానీ రాలేదు. రాయపోల్ చుట్టుపక్కల పిల్లలకు ఆ పాట రైలుకంటే దశాబ్దాల ముందే రేడియోలో వచ్చిపోయింది.

తర్వాతి ఏడాది, 1969లో, సత్యజిత్ రాయ్ ‘గూపీ గాయేన్ బాఘా బాయేన్’. హల్లా రాజ్యపు మంత్రికి తోడుగా ఉండే మాంత్రికుడు బర్ఫీ వేషం. మందులు కలిపి, మెతక మనసున్న రాజును క్రూరుడిగా మార్చేవాడు. మామూలు మాటల కంటే వింత శబ్దాలు, చేతుల విన్యాసాలతోనే నడిచే పాత్ర. పిల్లలు భయపడుతూనే పొట్ట పట్టుకు నవ్వుతారు. ఆ గడ్డం, ఆ సీసాలు, ఆ పొగ చూస్తుంటే హైదరాబాద్ ఇంట్లో కొలిమి ముందు బంగారం కోసం తపస్సు చేసిన అఘోరనాథ్ గుర్తుకు రాకమానరు. తండ్రి చేసిన రసవాదంలో బంగారం పుట్టలేదు. డెబ్బై ఏళ్లు దాటిన కొడుకు దాన్ని తెర మీద మళ్లీ వెలిగిస్తే నవ్వు పుట్టింది.

1972లో వచ్చిన ‘బావర్చీ’ ఆయనను ప్రతి ఇంటికీ తీసుకెళ్లింది. ‘శాంతినివాస్’ అనే ఇంట్లో శాంతి తప్ప అన్నీ ఉంటాయి. ఆ ఇంటి పెద్ద, మంచం కింద నగల పెట్టె దాచుకుని కాపలా కాసే దాదూజీ హరీంద్రనాథ్. వంటవాడు రాజేశ్ ఖన్నా. టీ ఆలస్యమైతే అలిగే ఆ ముసలాయన్ని చూసి తమ ఇంటి తాతను గుర్తుచేసుకోనివాళ్లు ఉండరు. మదన్‌మోహన్ కట్టిన తెల్లవారు పాటలో మన్నాడే, కిశోర్ కుమార్‌లతో పాటు ఆయన గొంతూ ఉంది. 74 ఏళ్ల వయసులో కొత్తవాళ్లతో సమానంగా తాళం తప్పకుండా పాడారు. మరుసటి ఏడాది ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది.

పాత మెదక్ జిల్లా పల్లెల్లో చిందు భాగోతం ఆడిన రాత్రుల్లో బుడ్డర్‌ఖాన్ అనే హాస్యగాడు రంగం మీదికి వచ్చేవాడు. రాజు ఎవరి కొడుకో, రాణి ఏ వంశమో భాగోతులు పాడి చెప్పాలి. బుడ్డర్‌ఖాన్ ఎవరి తమ్ముడని ఎవరూ అడగరు. కోస్తాలో తోలుబొమ్మలాటలో కేతిగాడూ అంతే, వంశవృక్షం లేకుండానే తెర చీల్చుకుని వస్తాడు. సంస్కృత నాటకంలో విదూషకుడికి రాజు స్నేహమే తప్ప పుట్టుపూర్వోత్తరాలు ఉండవు. ఇంటిపేరు బరువు మోసేవాడికి ఇంతకంటే మంచి వేషం ఏముంటుంది? కవిగా, నాయకుడిగా, భర్తగా ఉన్నంతకాలం హరీంద్రనాథ్ ఎవరికో ఏదో అయ్యారు. ఘడీబాబు, బర్ఫీ, దాదూజీ మాత్రం ఎవరికీ ఏమీ కారు. ‘బావర్చీ’ చూసి నవ్విన పిల్లలకు ఆయన అక్క పాఠ్యపుస్తకంలో ఉందని తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

పెద్దవాళ్లకు మాత్రం తెలుసు. 1990 జూన్ 23న బొంబాయిలో ఆయన కన్నుమూసేదాకా, ఆ తర్వాత కూడా, పరిచయాలన్నీ అక్కతోనే మొదలయ్యాయి. హైదరాబాద్ నాంపల్లి దగ్గర ఆ ఇల్లు ‘గోల్డెన్ థ్రెషోల్డ్’ పేరుతోనే నిలిచింది. పద్మజ దాన్ని హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. 1974లో విశ్వవిద్యాలయం మొదలైంది ఆ ప్రాంగణంలోనే.

అదే 1974లో రాయ్ తీసిన ‘సోనార్ కేల్లా’ విడుదలైంది. డిటెక్టివ్ ఫెలూదాకు ఏ చిక్కు వచ్చినా పరుగెత్తేది సిద్ధూ జ్యాఠా దగ్గరికి. ఇల్లంతా పుస్తకాలు, పత్రికల కత్తిరింపులు. లోకంలో ఆయనకు తెలియనిది లేదు, అయినా ఇల్లు కదలడు. ఆ వేషం 76 ఏళ్ల హరీంద్రనాథ్‌ది. తెర మీద ఉండేది కొన్ని నిమిషాలే. కవిత్వం, నాటకం, జైలు, ఆశ్రమం, పార్లమెంటు, సినిమా అన్నీ చూసివచ్చిన ఆ మనిషి కుర్చీలో వెనక్కి వాలి, తాను రంగంలోకి దిగితే చాలామంది వ్యాపారం దెబ్బతింటుందని, అందుకే ఏమీ చేయకుండా మనసు కిటికీలు మాత్రం తెరిచి పెట్టుకున్నానని ఫెలూదాకు చెబుతాడు. చెబుతున్నంతసేపూ ఆ కళ్లు చిలిపిగా మెరుస్తూనే ఉంటాయి.